సాంచల గల్లీలో ఒడిబియ్యం

మా నాయిన దినాలు అయిన రోజు, కొడిమ్యాల బస్టాండులో నేను వెనక నుంచి పిలిచినప్పుడు మా అన్నకు వినబడలేదా, లేక విని కూడా తిరగలేదా? ఈ అనుమానం ఆ రోజు నాతో పాటే కోరుట్ల బస్సెక్కింది. పన్నెండేళ్ళుగా రోజూ పొద్దున దేవుడి గూటి ముందు నేను దీపం పెడుతుంటే పక్కనే కూర్చుంటోంది.

అమ్మ అప్పటికే లేదు. నాయిన కూడా పోయాడు. ముందు నడుస్తున్న అన్నను, "అన్నా, నాకింక పుట్టిల్లు ఉన్నట్టా, లేనట్టా?" అని అడిగాను. చేయి చాస్తే అతని భుజం అందేది. అతను తిరగలేదు. వేములవాడ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. అదే జవాబనుకుని నేను ఇంటికొచ్చాను.

పోయిన వారం నేను సిరిసిల్లలో ఆ అన్న ఇంటి గడప బయట నిలబడి ఉన్నాను. అక్కడికి నన్ను తెచ్చింది మా బిడ్డ శ్రీజ ఉద్యోగం. ఒక సంస్థ తరఫున అది జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో ఇల్లిల్లూ తిరిగి జనం ఆరోగ్యం ఎలా ఉందో అడుగుతోంది. నడవడం కష్టమా, నొప్పులున్నాయా, దిగులుందా, చెవులు వినబడుతున్నాయా, చివరికి మీ ఆరోగ్యానికి మీరే వందకు ఎన్ని మార్కులు వేసుకుంటారు అని. జగిత్యాల కాలనీల్లో డాబా ఇళ్ళవాళ్ళు యాభై, అరవై దగ్గర ఆగిపోతుంటే, సిరిసిల్లలో బట్ట నేసే సాంచల మధ్య బతికేవాళ్ళు తొంభైకి తగ్గడం లేదు. అయిదేళ్ళ కిందట ఇవే ప్రశ్నలు అడిగినప్పటి కన్నా ఇప్పుడు ఆ మార్కులు ఇంకా పెరిగాయి. వాళ్ళ సారుకు నమ్మకం కుదరక, కొన్ని ఇళ్ళకు మళ్ళీ వెళ్ళి అడగమన్నాడు. అందులో ఒకటి మా అన్న ఆగయ్య ఇల్లు. మొదటిసారి ఆ ఇంటికి దానితో పనిచేసే ఇంకో అమ్మాయి వెళ్ళింది, ఈసారి శ్రీజ నన్ను కూడా రమ్మంది.

సోమవారం వేములవాడలో రాజన్న దర్శనం చేసుకుని ముగ్గురం వచ్చాము. నా పెనిమిటి తిరుపతి మాత్రం గల్లీ మూల చాయ్ హోటల్ దగ్గరే ఆగిపోయాడు. "బొట్టు పెట్టి పిలువని ఇంటికి అల్లుడు ఎట్లొస్తడు? మీరు పోయి రాండ్రి" అని బెంచీ మీద కూర్చున్నాడు.

తలుపు తీసే ఉంది. అన్న మాకు వీపు పెట్టి కూర్చుని టేబుల్ ఫ్యాన్ విప్పి బాగుచేస్తున్నాడు. లోపల టీవీ పెద్దగా మోగుతోంది. దాని ముందు అన్న కొడుకు సతీశ్ పడుకుని ఉన్నాడు. నాలుగేళ్ళుగా అతను కూడా తండ్రితో పాటే సాంచలు నడపడానికి షెడ్డుకు పోతున్నాడు.

"అన్నా" అన్నాను. తిరగలేదు. ఇంకొంచెం గట్టిగా పిలిచాను. బస్టాండులో చూసిన వీపే అది. ఇక వెనక్కి పోదామని శ్రీజ చేయి పట్టుకున్నాను.

అప్పుడు వంటింట్లోంచి మా వదినె కొమురవ్వ తడి చేతులతో బయటికొచ్చింది. నన్ను చూసి నోరు తెరిచింది. అయితే అన్నను పిలవలేదు. మడమతో నేల బండను ఒక్కసారి తన్నింది. దబ్ మని చప్పుడైంది. అన్న వెంటనే తల తిప్పి ఆమెను చూసి, ఆమె చూపు వెంట నన్ను చూశాడు.

"సరోజనా! ఏందే, గడప అవుతల నిలబడ్డవ్? పరాయోల్ల ఇల్లా గిది?"

అతని చేతిలో స్క్రూ డ్రైవర్ కింద పడింది. ఎన్నో ఏళ్ళుగా నేను మనసులో ఎన్నో మాటలకు జవాబులు తయారు చేసుకున్నాను. ఈ మాటకు మాత్రం చేసుకోలేదు.

"గా టీవీ సౌండు తక్కువ చెయ్యిరా, ఇల్లు లేస్తున్నది" అని వదినె సతీశ్ ముందుకెళ్ళి చేత్తో చెప్పింది. అతను లేచి, "అత్తా, మంచిగున్నవా?" అని నా కాళ్ళకు మొక్కి, టీవీ బంద్ చేసి గడప మీదికి వెళ్ళి కూర్చున్నాడు.

నీళ్ళు తాగాము. చాయ్ వచ్చింది. శ్రీజ మామకు ఎదురుగా పీట వేసుకుని ట్యాబ్ తీసింది.

"మామా, నడుసుడు కష్టమైతదా?"

"నేను నడువకుంటె సాంచ నా కాడికి నడిచొస్తదా బిడ్డా?"

"నొప్పులు?"

"నొప్పి లేనోడు ఎవడుండు? గది లెక్కలకు రాదు."

"దిగులు, పరేశానీ ఏమన్న?"

"దిగులు పడెతందుకు టైం దొర్కాలె గద."

"చెవులు మంచిగ ఇనబడ్తయా?"

"నువ్వు అడుగుతున్నవ్, నేను చెప్తలేనా? మంచిగనే ఇనబడ్తది."

"వందకు ఎన్ని మార్కులు ఏసుకుంటవ్?"

"వంద."

"అట్లనకు, దిష్టి తాకుతది" అంది వదినె. "తొంభై తొమ్మిది ఏస్కో బిడ్డా."

శ్రీజ నవ్వింది కానీ ట్యాబ్ మీద వేలు పెట్టలేదు. "మామా, జగిత్యాలల ఒక రిటైర్డ్ సారు యాభై అయిదే ఏస్కున్నడు. డాబా మీద వాకింగు చేస్తుంటె మోకాలు గుంజుతదంట. ఒక చెవు జర తక్కువ ఇనబడ్తదని మిషన్ గూడ పెట్టుకున్నడు."

"పాపం" అన్నాడు అన్న, నిజంగానే జాలిపడుతూ. "గంత సుస్తున్నోడు డాబా ఎక్కుడెందుకు? సూడు బిడ్డా, మా షెడ్డుల హన్మండ్లు ఊపిరాడక మంచం బట్టిండు. నేను తింటున్న, తిరుగుతున్న, పని జేసుకుంటున్న. నాది వంద గాకపోతె ఇంకెవనిది వంద?"

అంతకు ముందే మా ఇంట్లో శ్రీజ నన్ను కూడా అడిగింది. నేను తొంభై వేసుకున్నాను. దేవుడి గూటి ముందు కూర్చుని తక్కువ చెప్పడానికి నోరు రాలేదు. ఇచ్చినవాడి ముఖం మీదే ఇచ్చిందాంట్లో వంక పెట్టినట్టు అనిపించింది. కానీ అన్న మాట విన్నాక ఆలోచనలో పడ్డాను. ఆ సారు ఒకప్పటి తన మోకాలితో పోల్చుకుని మార్కులు వేసుకున్నాడు. మా అన్న మంచం పట్టిన హన్మండ్లుతో పోల్చుకున్నాడు. మరి ఇద్దరి మార్కులూ ఒకే వరుసలో రాసుకుంటే ఎవరు బాగున్నట్టు?

పక్కన షెడ్డులో సాంచలు ఆగకుండా మోగుతున్నాయి. కిటికీలోంచి దూది నూగు లేచి వస్తోంది. నాకు దగ్గు వచ్చి కొంగు ముక్కుకూ నోటికీ అడ్డం పెట్టుకున్నాను. ఇంతదూరం వచ్చి అడగకుండా పోతే ఆ అనుమానం నాతో పాటే మళ్ళీ బస్సెక్కుతుంది. కొంగు చాటు నుంచే అడిగాను.

"అన్నా, నాయిన దినాల నాడు బస్టాండుల నేను నిన్ను ఒకటి అడిగిన. యాదికున్నదా?"

అన్న నా వైపు చూసి నవ్వుతున్నాడు. 

మళ్ళీ అడిగాను. నవ్వు అట్లాగే ఉంది కానీ, చూపు నన్ను దాటి వదినె ముఖం మీదికి పోయింది. నేను కూడా తిరిగి చూశాను. వదినె పెదవులు కదులుతున్నాయి. మాట మాత్రం రావడం లేదు.

"ఆ, నాయిన దినాలు! మస్తు మంది అచ్చిండ్రు గద ఆనాడు" అన్నాడు అన్న వెంటనే.

నా కొంగు జారిపోయింది.

"వదినె, నువ్వు గిప్పుడు ఏదో చెప్పినవ్. నాకెందుకు ఇనబడలే?"

"గది షెడ్డు మాట సరోజనా" అంది ఆమె తేలిగ్గా. "సాంచలు నడుస్తుంటె ఎంత ఒర్రినా ఇనబడదు గద. అక్కడ పెదవులతోనే మాట్లాడుకుంటరు, జర చేతులతోని. షెడ్డుల నూలు కండెలు చుట్టవోయినప్పుడు నేను గూడ నేర్చిన. గీ గల్లీల అందరికి అస్తది."

"ఇంట్ల సాంచలు లెవ్వు గద వదినె?"

ఆమె చేతిలో చాయ్ గిన్నె కింద పెట్టింది. కాసేపు కొంగుతో చేతులు తుడుచుకుంటూనే ఉంది, ఆ చేతులు ఎప్పుడో ఆరిపోయినా.

"అన్నకు ఇనబడక ఎన్నేండ్లాయె?" అని అడిగాను.

"ఎవలు జూసిండ్రు? పన్ను ఊడినట్టు గీ దినం పోయిందని చెప్పస్తదా? ముందుగాల ఫోన్ల ఇనబడుడు బందయింది. ఎనుక నుంచి పిలిస్తె తిరుగకపోతుండె. నేను కోపమనుకున్న. మొగోడు, షెడ్డుల పరేశానయి అస్తడు, కోపం ఉండదా అని ఊకున్న. గల్లీల ఏ ఆడిదాన్ని అడుగు, గదే అంటది. మా ఆయనకు కోపమెక్కువ, పిలిస్తె పల్కడని."

ఊరు ఊరంతా మొగవాళ్ళకు కోపమనుకుంటూ కాపురాలు చేస్తున్నారు. నేను కూడా ఒక బస్టాండులో నిలబడి అదే అనుకున్నాను.

శ్రీజ ట్యాబ్ ఒళ్ళో పెట్టుకుని మెల్లగా అంది. "అత్తా, గీ గల్లీల ఎవ్వలికి చెవుల తక్లీబు లేదని నేను రాసుకున్న. అందరి ముంగట గిట్లనే కూసోని, మొకంల మొకం పెట్టి అడిగిన. పోయిన పాలి కంటె ఇంకా మంచిగైండ్రని, మా సారు నమ్మకున్నా పైనున్న సార్లు సంబురపడ్తుండ్రు."

"ఏంది, గుసగుసలు పెడ్తుండ్రు? నాకు గూడ చెప్పుండ్రి" అన్నాడు అన్న, మా ముగ్గురి ముఖాలూ మార్చి మార్చి చూస్తూ.

నేను పీట జరుపుకుని అతనికి ఎదురుగా కూర్చున్నాను. ఆ రోజు అడిగిన మాటే మళ్ళీ అడిగాను. గొంతు లేకుండా, వట్టి పెదవులతో. అన్నా, నాకు పుట్టిల్లు ఉన్నట్టా, లేనట్టా?

అతను నా పెదవులను పూర్తిగా చదివాడు. ముఖంలో నవ్వు పోయింది.

"గదేం అడుగుడే?" అన్నాడు. "నేను పిలువలేనా నిన్ను? నాయిన పోయిన మరుసటేడు ఫోన్ జేసి, ఆయితారం అచ్చి ఒడిబియ్యం పోసుకొమ్మంటి. మీ వదినె బియ్యానికి పసుపు కలిపింది. కొబ్బరి కుడుకలు, రవికె తెచ్చినం. పొద్దుగూకెదాక గడపల కూసున్న. నువ్వు రాలే. పెద్దింటి కోడలివయినవ్, అన్న ఇల్లు కంటికి ఆనుతలేదనుకున్న."

ఆ ఫోన్ నాకు బాగా గుర్తుంది. పెళ్ళయిన ఆడబిడ్డ ఒడిలో బేసి సంవత్సరాల్లో పుట్టింటివాళ్ళు పసుపు బియ్యం పోయడం మాలో ఆనవాయితీ. అది పోసిన ఇల్లే పుట్టిల్లు. అన్న ఫోనులో, "ఆయితారం రా. ఒడిబియ్యం పోస్తం. బావను తోల్కరా" అన్నాడు. నేను అన్నా మంచిగున్నవా అంటున్నాను, ఆనాడు ఎందుకు కోపం చేసినవ్ అని ఏడుస్తున్నాను. నా మాట మీదే తన మాట మళ్ళీ చెప్పి పెట్టేశాడు. నా పెనిమిటికి చెబితే, "కూలోల్లను పిలిచినట్టు పిలుస్తడా? ఇంటికచ్చి బొట్టు పెట్టి పిలువాలె" అన్నాడు. మేము పోలేదు.

"ఇంటికెందుకు రాకపోతివి అన్నా?"

"షెడ్డుల లీవు దొర్కలే. గందుకే ఫోన్ జేసిన. అవుతల నువ్వేం మాట్లాడ్తున్నవో సమజ్ కాలే. చెప్పెటిది చెప్పి పెట్టేసిన."

"ఇనబడ్తలేదని చెప్పద్దా?"

"ఏమని చెప్పాలె?" అతని గొంతు మొదటిసారి పెరిగింది. "చెవిటోడంటరు. సాంచ మీదికెల్లి దించుతరు. దారం తెగితె నాకు కాలికింది బండ చెప్తది, చేతికింద సాంచ చెప్తది. నా పని ఆగిందా ఎన్నడన్న? గల్లీల అందరికి గింతే. నేనొక్కణ్ణి చెప్పి ఏం జేద్దు?"

అంటే అతనికి తెలుసు. తెలిసే వంద వేసుకున్నాడు.

శ్రీజ అతని ముందుకు వంగి నిదానంగా అడిగింది. "మామా, మల్ల వంద ఎట్ల ఏసుకున్నవ్?"

అన్న గోడకున్న రాజన్న పటం వైపు చూశాడు. "పొద్దుగాల లేస్తున్న. చేతులాడుతున్నయి. గాయన సల్లగ జూస్తుండు. ఇయ్యాల నా చెల్లె గడప తొక్కింది. ఎంత తగ్గించుమంటవ్ చెప్పు?"

 నేను కూడా రాజన్న వైపు చూశాను. స్వామీ, ఉన్నదానితో తృప్తిగా ఉండమని చెప్పింది నువ్వే కదా. మరి తృప్తిగా ఉన్నవాడి నొప్పి ఎవరి లెక్కలోకీ రాకుండా పోతే, ఆ తృప్తి ఎవరికి మేలు చేసినట్టు? కోపంతో అడగలేదు. తెలియక అడిగాను.

అన్న లేచి లుంగీ దులుపుకున్నాడు. "కొమురవ్వా, బియ్యం తియ్యి. సోమారం, మంచి దినమే. బావ ఏడి?"

నేను చెప్పకముందే శ్రీజ గల్లీ మూల వైపు చేయి చూపించింది. అన్న చెప్పులు కూడా వేసుకోకుండా బయల్దేరాడు. వదినె కుంకుమ భరిణె తీసుకుని వెనకే ఉరికింది.

నేను అక్కడికి చేరేసరికి నా పెనిమిటి గ్లాసులోకి చూస్తూ కూర్చుని ఉన్నాడు. అన్న ఎదురుగా నిలబడి, "బావా, ఇంటికి రా" అంటున్నాడు.

"ఇన్నేండ్లకు యాదికొచ్చినమా?" అన్నాడు ఈయన, రోడ్డు వైపు తల తిప్పుకుని.

అన్న నవ్వుతూ అలాగే నిలబడ్డాడు.

"అడుగుతుంటె పల్కడు సూడు. గీ పొగరే నాకు..."

"మొకం జూసి చెప్పుండ్రి" అన్నాను నేను. వంగి చెవిలో సంగతి చెప్పాను. ఈయన గ్లాసు బెంచీ మీద పెట్టాడు.  తర్వాత లేచి, అన్న ముఖానికి ముఖం పెట్టి, నోరు ఇంత పెద్దగా తెరిచి, ఒక్కో అక్షరం విడివిడిగా, "వ...స్తు...న్న... బావా" అన్నాడు.

"గంత నోరు తెరువకు బావా, ఈగ జొర్రుతది" అన్నాడు అన్న. "మామూలుగ చెప్పు, సమజైతది."

చాయ్ హోటల్ వాడు కూడా నవ్వాడు. వదినె మా ఇద్దరికీ బొట్టు పెట్టింది.

ఇంట్లో రెండు పీటలు వేశారు. పక్కింటి పోశవ్వను పిలిచారు. పెద్ద పళ్ళెంలో పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, వక్కలు, వదినె పెట్టెలోంచి తీసిన పచ్చ రవికె. నేను కొంగు పరిచి పట్టుకున్నాను. వదినె దోసిళ్ళతో పోసింది, పోశవ్వ పోసింది. అన్న ఎదురుగా నిలబడి నా పెదవులే చూస్తున్నాడు, నేను ఏమైనా అంటే తప్పిపోకూడదని.  బియ్యం బరువుకు నా నడుము కొంచెం వంగింది. ఆ ఏడు పడాల్సిన బియ్యం ఇన్నాళ్ళకు నా ఒడిలో పడింది. అన్న కండువాతో కళ్ళు తుడుచుకుని, "ఇగ సూడు, బాకీ లేదు నాది" అన్నాడు.

కొంగు ముడివేసుకుని రాజన్న పటానికి మొక్కాను. ఇక ఒడిబియ్యంతో గడప దాటాలి. గడప మీద సతీశ్ మాకు వీపు పెట్టి గల్లీలోకి చూస్తూ కూర్చుని ఉన్నాడు.

"అల్లుడా, జర జరుగు" అన్నాను.

అతను కదల్లేదు. చెవుల్లో ఏమీ పెట్టుకోలేదు. ఫోన్ పక్కన బండ మీద ఉంది.

"సతీశ్!" అన్నాడు నా పెనిమిటి గట్టిగా.

పోశవ్వ పకపకా నవ్వింది. "వానికి గూడ అచ్చం వాని నాయిన కోపమే అచ్చిందమ్మా. పిలిస్తె పల్కడు."

ఆ నవ్వుకు ఎవరూ నవ్వు కలపలేదు. శ్రీజ నన్ను చూసింది. వదినె ఖాళీ పళ్ళెం పీట మీద పెట్టేసింది. అన్న మా ముఖాలు చూసి, ఏమైందో తెలియక, కొడుకు వీపు వైపు చూశాడు.

నేను ఒడిలో బియ్యం రెండు చేతులా అదిమి పట్టుకుని, కుడి కాలు కొంచెం ఎత్తి మడమతో నేల బండ మీద ఒక్కసారి తన్నాను.

సతీశ్ వెంటనే వెనక్కి తిరిగాడు. నిండుగా నవ్వాడు.

"ఏందత్తా, పిలిచినవా?"